మత్తు సూదికి మేలుకొనే కణాలు

ఆరోగ్యంగా ఉన్న గొర్రెకు జైలజిన్ సూది వేశారనుకుందాం. కాసేపటికి తల వాలుస్తుంది, కాళ్లు తడబడతాయి, నెమ్మదిగా పడుకుంటుంది. పైకి చూస్తే మందు తన పని తాను చేసినట్టే ఉంటుంది. ఆ నిమిషాల్లోనే దాని ధమనిలోని రక్తం తీసి ఆక్సిజన్ కొలిస్తే మాత్రం బాగా పడిపోయి కనిపిస్తుంది. కొన్ని గొర్రెల్లో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అదే మందు కుక్కకు వేస్తే వాంతి కావచ్చు, గుండె నెమ్మదించవచ్చు. ఊపిరితిత్తులకు మాత్రం ఈ తరహా గండం రాదు.

మత్తు వల్ల శ్వాస మందగించి ఆక్సిజన్ తగ్గిందనుకోవడానికి వీల్లేదు. అలాగైతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవాలి. గొర్రెల్లో అది పెద్దగా పెరగదు. పైగా చాలా గొర్రెలు మామూలుకంటే వేగంగానే ఊపిరి తీస్తాయి. రక్తంలోని ప్లేట్‌లెట్లు ముద్దలు కట్టి ఊపిరితిత్తుల సన్నని నాళాలకు అడ్డం పడుతున్నాయని కొన్నాళ్లు అనుకున్నారు. 1990లలో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పశువైద్య పరిశోధకులు జైలజిన్ తరగతి మందులు ఇచ్చిన గొర్రెల ఊపిరితిత్తులను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. అక్కడ తేడాగా కనిపించినవి రోగనిరోధక కణాలు. రక్తనాళాల లోపలి గోడకు అంటిపెట్టుకుని ఉండే మాక్రోఫేజ్‌లు, అంటే భక్షక కణాలు, ఉద్రిక్తమై ఉన్నాయి. వాటి చుట్టుపక్కల కేశనాళికల గోడలు దెబ్బతిన్నాయి, ద్రవం బయటికి కారింది.

ఈ కణాలు అన్ని జంతువుల్లో ఈ చోట ఉండవు. గొర్రె, మేక, ఆవు, పంది, గుర్రం వంటి వాటి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఇవి కాపలా ఉండి, రక్తంలో కొట్టుకొచ్చే బ్యాక్టీరియాను పట్టి మింగేస్తుంటాయి. కుక్క, ఎలుక, మనిషి శరీరాల్లో ఈ వడపోత పని ఎక్కువగా కాలేయంలోని కుప్ఫర్ కణాలది. అందుకే కాబోలు, ఒకే మందు ఒక జంతువుకు నిద్ర తెస్తే, మరో జంతువుకు నిద్రతోపాటు ఊపిరాడని పరిస్థితినీ తెస్తుంది. నాడులను జోకొట్టే మందు రక్షణ కణాలను ఎలా లేపింది? గొర్రెలో ఈ గొలుసులోని ప్రతి లంకె ఇంకా తేలలేదు. కానీ మూడు దశాబ్దాలుగా దీని చుట్టూ జరిగిన పరిశోధన మనకు చాలా నేర్పింది. 20వ పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు అత్యధికంగా ఉన్న రాష్ట్రం తెలంగాణ, ఆ తర్వాతిది ఆంధ్రప్రదేశ్. రెంటిలో కలిపి మూడున్నర కోట్లకు పైనే. కాబట్టి ఇది మనకు దూరపు ముచ్చట కాదు.

జైలజిన్‌ను 1962లో జర్మనీలో బేయర్ కంపెనీ తయారుచేసింది. అప్పుడు వారి దృష్టి మనుషుల రక్తపోటు మీద ఉంది. రక్తపోటు తగ్గించే క్లోనిడిన్‌కు ఇది పనితీరులో దగ్గరి చుట్టం. మనుషుల్లో మత్తు మరీ ఎక్కువగా రావడంతో ఆ దారి మూసుకుపోయింది. పశువైద్యంలో మాత్రం స్థిరపడిపోయింది. ఈ రోజు గేదెకు ఆపరేషన్ చేయాలన్నా, గుర్రాన్ని నిలబెట్టి చికిత్స చేయాలన్నా, ఊళ్లోకి వచ్చిన చిరుతను బాణంతో మత్తులో ముంచాలన్నా జైలజిన్ ఒంటరిగానో కీటమిన్‌తో కలిసో చేతికందేది. మోతాదు విషయంలో మాత్రం జంతువుకూ జంతువుకూ చాలా తేడా ఉంది. కిలో బరువుకు గుర్రానికి ఇచ్చేదానిలో సుమారు పదో వంతు ఆవుకు సరిపోతుంది. ఆవుల్లోనూ మూపురం ఉన్న జాతులు ఇంకా సున్నితం. అమెరికాలో బ్రాహ్మన్ పశువులు హోల్‌స్టీన్లకంటే తక్కువ మోతాదుకే ఒరిగిపోతాయని గమనించారు. ఆ బ్రాహ్మన్ పశువుల పూర్వీకుల్లో మన ఒంగోలు జాతీ ఉంది.

ఈ మందు పట్టుకునే తాళం పేరు ఆల్ఫా-2 గ్రాహకం. మామూలుగా అది నోర్‌ఎడ్రినలిన్ అనే నాడీ రసాయనానికి స్పందిస్తుంది. పులిని చూసినా, పరీక్ష హాల్లో కూర్చున్నా మన నాడుల చివర్ల నుంచి చిమ్మేది ఇదే. గుండె దడ, అప్రమత్తత దీని పనులు. ఎక్కువ చిమ్మకుండా ఆ నాడి కొసలోనే ఒక కట్టడి ఉంది. డాబా మీది నీళ్ల ట్యాంకు నిండగానే మోటారును ఆపే ఫ్లోట్ స్విచ్ లాంటిది అది. బయట నోర్‌ఎడ్రినలిన్ మట్టం పెరిగితే ఆల్ఫా-2 గ్రాహకం దాన్ని పసిగట్టి, ఇక చాలని నాడికి చెబుతుంది. జైలజిన్ చేసేదల్లా ట్యాంకు నిండకుండానే ఆ ఫ్లోట్‌ను చేత్తో పైకెత్తి పట్టుకోవడం. మెదడు కాండంలో మెలకువను నిలిపే లోకస్ సెరూలియస్ అనే చిన్న కేంద్రంలో ఇలా జరిగితే జంతువు మగతలోకి జారుతుంది.

ఈ గ్రాహకం నాడుల్లోనే ఉండి ఉంటే కథ ఇక్కడితో ముగిసేది. అది క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీదా ఉంది. అందుకే జైలజిన్ ఇచ్చిన పశువు రక్తంలో చక్కెర పెరుగుతుంది. గర్భాశయం మీదా దాని ప్రభావం ఉంది. అందుకే నిండు చూడి ఆవుకు ఈ సూది వేయడానికి డాక్టర్లు వెనకాడతారు. మాక్రోఫేజ్‌ల మీదా ఉంది.

నాడులకూ రోగనిరోధక వ్యవస్థకూ సంబంధం ఉందని చెబితే ఒకప్పుడు చాలామంది నమ్మలేదు. 1980లలో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ ఫెల్టెన్ బృందం నోర్‌ఎడ్రినలిన్ చిమ్మే సానుభూతి నాడులు ప్లీహంలోకి వెళ్లి, వాటి కొసలు లింఫోసైట్లు అనే తెల్లకణాల పక్కనే ఆగి ఉండడం చూపించింది. నాడి కొస అక్కడిదాకా వచ్చిందంటే ఏదో చెప్పడానికే. ఆ చెప్పేది నోర్‌ఎడ్రినలిన్ ద్వారా. రక్షణ కణం దాన్ని ఏ గ్రాహకంతో అందుకుంటుందన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. బీటా-2 గ్రాహకంతో అందుకుంటే కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది. అది పెరిగితే మాక్రోఫేజ్ శాంతిస్తుంది, టీఎన్ఎఫ్ వంటి మంటపుట్టించే సంకేత రసాయనాలను తక్కువగా విడుదల చేస్తుంది. ఆల్ఫా-2తో అందుకుంటే సైక్లిక్ ఏఎంపీ తగ్గుతుంది, కణానికి ఉన్న పగ్గం వదులవుతుంది. 1990లో అమెరికాలో స్పెంగ్లర్, కుంకెల్ తదితరులు దీన్ని గాజుపాత్రలో నిరూపించారు. బ్యాక్టీరియా గోడలోని విషపదార్థంతో మాక్రోఫేజ్‌లను రెచ్చగొట్టి, దానికి ఆల్ఫా-2ను తట్టిలేపే మందును జోడిస్తే టీఎన్ఎఫ్ ఇంకా ఎక్కువగా వచ్చింది.

2007లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన దీన్ని మరో మెట్టు పైకి తీసుకెళ్లింది. మిషిగన్ విశ్వవిద్యాలయ బృందం ఎలుకల్లో చూపించిందేమిటంటే, ఈ భక్షక కణాలు నాడుల మీద ఆధారపడకుండా నోర్‌ఎడ్రినలిన్, ఎడ్రినలిన్‌లను స్వయంగా తయారుచేసుకోగలవు. తాము విడుదల చేసినదాన్ని తామే ఆల్ఫా-2 గ్రాహకంతో అందుకుని ఇంకా రెచ్చిపోగలవు. ఆ గ్రాహకాన్ని మూసేస్తే, ప్రయోగంలో ఎలుకలకు కలిగించిన ఊపిరితిత్తుల దెబ్బ తగ్గింది, తట్టిలేపితే పెరిగింది. ఊపిరితిత్తి, మాక్రోఫేజ్, ఆల్ఫా-2, ఈ మూడూ ఒకేచోట కలిసిన ఈ ఫలితాన్ని గ్వెల్ఫ్ గొర్రెల ఫలితం పక్కన పెట్టి చూడకుండా ఉండలేం. రెండూ వేర్వేరు జంతువులు, వేర్వేరు పరిస్థితులు కాబట్టి ఒకదాన్ని మరోదానికి రుజువుగా చూపకూడదు. కానీ చూపు ఎటు సారించాలో మాత్రం చెబుతాయి.

ఇంతవరకూ చదివినవారు ఈ మందులు రక్షణ కణాలను రెచ్చగొడతాయని తేల్చుకోవచ్చు. బతికున్న జంతువులో చూస్తే చాలాసార్లు దీనికి సరిగ్గా తలకిందులుగా కనిపిస్తుంది. డెక్స్‌మెడిటోమిడిన్ సంగతే తీసుకుందాం. ఇది కుక్కలకు, పిల్లులకు వాడే మెడిటోమిడిన్‌లోని పనిచేసే సగం. జైలజిన్‌కంటే ఎంతో కచ్చితంగా ఆల్ఫా-2ను పట్టుకుంటుంది. మనుషుల ఐసీయూల్లో వాడకానికి 1999లో అమెరికాలో అనుమతి దొరికింది. బ్యాక్టీరియా విషం ఎక్కించిన ఎలుకలకు ఈ మందు ఇస్తే టీఎన్ఎఫ్, అలాంటిదే మరో సంకేత రసాయనం ఐఎల్-6 తగ్గాయి, చావులూ తగ్గాయి. పాత్రలో రెచ్చగొట్టిన తరగతి మందే ఒంట్లో ఎందుకు చల్లార్చింది?

ఎందుకంటే పాత్రలో మెదడు లేదు. జంతువులో ఈ మందు ముందుగా మెదడును, సానుభూతి నాడులను అణచివేస్తుంది. ఒంటినిండా నోర్‌ఎడ్రినలిన్ ప్రవాహం సన్నగిల్లుతుంది. సానుభూతి నాడులకు ఎదురుగా పనిచేసే వేగస్ నాడి పైచేయి సాధిస్తుంది. ఈ వేగస్ నాడి మాక్రోఫేజ్‌లను శాంతింపజేయగలదని 2000లో కెవిన్ ట్రేసీ బృందం చూపించింది. ఎలుకల్లో ఆ నాడిని ముందే కోసేసి డెక్స్‌మెడిటోమిడిన్ ఇస్తే, మంట తగ్గించే ప్రభావం చాలావరకు పోయింది. అంటే ఒకే మందు రక్షణ కణానికి రెండు దారుల్లో రెండు వేర్వేరు మాటలు చెబుతోంది. నేరుగా తాకినప్పుడు లే అంటుంది, మెదడు గుండా వచ్చినప్పుడు పడుకో అంటుంది. ఏ మాట గెలుస్తుందన్నది జంతువు జాతి మీద, మోతాదు మీద, అప్పటికే ఒంట్లో ఉన్న జబ్బు మీద ఆధారపడి ఉంటుంది. మత్తుమందు రోగనిరోధక శక్తిని తగ్గిస్తుందా, పెంచుతుందా అని నన్నెవరైనా అడిగితే, ఏ జంతువులో అని తిరిగి అడగకుండా జవాబు చెప్పడం తప్పని నా ఉద్దేశం.

మోతాదు గురించి ఒక లెక్క చెప్పాలి. ఐసీయూలో మగతలో ఉన్న రోగి రక్తంలో డెక్స్‌మెడిటోమిడిన్ మిల్లీలీటరుకు సుమారు ఒక నానోగ్రాము ఉంటుంది. అణువుల లెక్కలో ఇది 5 నానోమోలార్. ప్రయోగశాలలో కణాల మీద పరీక్షించేటప్పుడు 1 మైక్రోమోలార్ వాడితే అది రోగి రక్తంలో ఉండేదానికి 200 రెట్లు. అంత గాఢతలో కణం ప్రవర్తన మారిందని ప్రకటించడం సులువే. 1999లో జపాన్ మత్తు వైద్యులు మనిషి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల మీద చేసిన పరీక్షలో, వైద్యంలో వాడే స్థాయిలో ఉన్న డెక్స్‌మెడిటోమిడిన్ ఆ కణాల కదలికను గానీ, మింగే శక్తిని గానీ మార్చలేదు. ఏమీ జరగలేదని చెప్పే ఇలాంటి ఫలితాలకు పత్రికల్లో చోటు తక్కువ. నాకు మాత్రం వీటి మీద గౌరవం ఎక్కువ.

చల్లార్చే గుణం ఉందని తెలిశాక, ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతీసే సెప్సిస్ రోగులకు ఇది రక్షణ అవుతుందన్న ఆశ పుట్టింది. ఆ ఆశకు బలమూ దొరికింది. 2010లో ప్రచురితమైన ఒక విశ్లేషణలో 63 మంది సెప్సిస్ రోగుల్లో, మరో మత్తుమందు లొరాజెపామ్‌తో పోలిస్తే, దీన్ని వాడినవారికి 28 రోజుల్లో మరణించే ముప్పు 70 శాతం తక్కువగా కనిపించింది. 63 మంది చాలా చిన్న గుంపు. 2019లో సుమారు 4,000 మందితో జరిగిన స్పైస్-3 పరీక్షలో 90 రోజుల మరణాలు దీన్ని ఇచ్చిన వర్గంలోనూ, మామూలు మత్తు పద్ధతి పాటించిన వర్గంలోనూ 29 శాతమే. 2021లో మెండ్స్-2 పరీక్ష 432 మంది సెప్సిస్ రోగులను తీసుకుని దీన్ని ప్రొపోఫోల్ అనే మత్తుమందుతో పోల్చింది. అక్కడా తేడా లేదు, రెండువైపులా 38, 39 శాతం. ఎలుకలో కణం చల్లబడటం వేరు, మంచం మీది మనిషి బతకడం వేరు. ఈ రెంటి మధ్య దూరాన్ని ఇంత ఓపికగా, ఇంతమంది రోగుల సహకారంతో కొలిచిన వైద్యులకు మనమంతా రుణపడ్డాం. లేకపోతే 63 మంది లెక్క ఇప్పటికీ వాస్తవంగా చలామణి అయ్యేది.

పశువుల ఆసుపత్రిలో రోజూ ఉపయోగపడే సంగతి ఇంకొకటుంది. జైలజిన్ ఇచ్చాక పశువు రక్తం తీసి పరీక్షిస్తే ఎర్రకణాలు, హిమోగ్లోబిన్, తెల్లకణాలు తగ్గినట్టు వస్తాయి. మేకల్లో, పశువుల్లో, కుక్కల్లో ఇది పదే పదే గమనించిన విషయం. కణాలు చచ్చిపోయి కాదు. సానుభూతి నాడుల పట్టు సడలడంతో ప్లీహం వదులై ఉబ్బుతుంది, తిరుగుతున్న కణాల్లో కొంతభాగం అందులోకి చేరి నిలుస్తుంది. మందు దిగాక మళ్లీ బయటికొస్తాయి. దీనికి విరుద్ధమైన పరిస్థితి కూడా ఉంది. భయపడి పెనుగులాడిన పశువులో ఎడ్రినలిన్, కార్టిసాల్ పెరిగి న్యూట్రోఫిల్స్ ఎక్కువగా, లింఫోసైట్లు తక్కువగా కనిపిస్తాయి. కాబట్టి నలుగురు పట్టుకుని లాగి తీసిన రక్తంలోనూ, మత్తిచ్చి తీసిన రక్తంలోనూ తెల్లకణాల లెక్క జబ్బు గురించి పూర్తి నిజం చెప్పదు. వీలైతే సూదికి ముందే, పశువు నిమ్మళంగా ఉన్నప్పుడు రక్తం తీయాలి. వీలుకాకపోతే నమూనా సీసా మీద ఏ మందు ఎంతసేపటి క్రితం ఇచ్చారో రాయాలి. ఖర్చులేని పని, కానీ తరచూ మరిచిపోయే పని.

గొర్రెల విషయంలో అనుభవమున్న డాక్టర్లు ఇప్పటికే జాగ్రత్త పాటిస్తున్నారు. చేయాల్సింది చిన్న కోత అయితే స్థానికంగా తిమ్మిరెక్కించి ముగించడం, దగ్గు, నిమ్ము ఉన్న గొర్రెకు జైలజిన్ జోలికి పోకపోవడం, తప్పనిసరైతే తక్కువ మోతాదు, దగ్గర ఆక్సిజన్, విరుగుడు సిద్ధంగా పెట్టుకోవడం. యోహింబిన్, అటిపమిజోల్ ఈ గ్రాహకాన్ని మూసే విరుగుడు మందులు. అవి పశువును మేల్కొలుపుతాయి. ఊపిరితిత్తుల్లో అప్పటికే కారిన నీటిని మాత్రం వెంటనే తీసేయలేవు.

పశువుల మందు మనుషుల చేతిలో పడితే ఏమవుతుందో అమెరికా ఇప్పుడు చూస్తోంది. ప్యూర్టోరికోలో 2000ల నుంచే, తర్వాత ఫిలడెల్ఫియాలో మరీ తీవ్రంగా, ఫెంటనిల్ అనే మత్తుపదార్థంలో జైలజిన్ కలిపి అమ్మసాగారు. 2023 ఏప్రిల్‌లో వైట్‌హౌస్ ఈ కలయికను తలెత్తుతున్న ముప్పుగా ప్రకటించింది. 2024 నుంచి ఫిలడెల్ఫియాలో జైలజిన్ చోటును మెడిటోమిడిన్ ఆక్రమిస్తోంది. జైలజిన్ వాడినవారి చేతులు, కాళ్ల మీద లోతైన, నల్లగా చచ్చుబడిన పుళ్లు వస్తున్నాయి. సూది గుచ్చుకున్న చోటే కాదు, గుచ్చని చోట కూడా. చర్మంలోని నాళాలు బిగిసి రక్తం అందకపోవడం ఒక కారణమని భావిస్తున్నారు.  గాయం మానాలంటే మాక్రోఫేజ్‌లు ముందు చెత్తను మింగి, తర్వాత మరమ్మతు బాట పట్టాలి. రోజుకు పలుమార్లు, నెలల తరబడి ఆల్ఫా-2 మీద దెబ్బ పడుతుంటే ఆ మార్పు గతి తప్పుతోందా అన్నది న్యాయమైన ప్రశ్న, ఇంకా జవాబు రావలసిన ప్రశ్న. ఈ పుళ్లతో ఉన్నవారిని చీదరించుకునే రాతలు చాలా వచ్చాయి. వారికి కావలసింది కట్టు, శుభ్రత, ఓపికగల చికిత్స. సరైన సంరక్షణ దొరికితే ఆ పుళ్లు చాలావరకు మానతాయి.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసేది క్యాన్సర్‌తో ముడిపడిన భాగం. శస్త్రచికిత్స వేళ కొన్ని కణాలు గడ్డ నుంచి విడివడి రక్తంలోకి జారవచ్చు. ఆ గంటల్లో వాటిని పట్టి చంపే బాధ్యత ప్రధానంగా నేచురల్ కిల్లర్ కణాలది. జైలజిన్‌తో కలిపి వాడే కీటమిన్ ఎలుకల్లో ఈ కణాల శక్తిని తగ్గించి, క్యాన్సర్ వ్యాప్తిని పెంచిందని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన షమ్గార్ బెన్-ఎలియాహు బృందం 2003లో చెప్పింది. 2018లో అదే బృందం రొమ్ము, ఊపిరితిత్తి, పెద్దపేగు క్యాన్సర్ల నమూనాల్లో డెక్స్‌మెడిటోమిడిన్ కూడా వ్యాప్తిని పెంచిందని రాసింది. ఐదేళ్లకు, 2023లో, బ్రస్సెల్స్ శాస్త్రవేత్తలు నేచర్‌లో దీనికి ఎదురు ఫలితం ప్రచురించారు. క్లోనిడిన్ వంటి ఆల్ఫా-2 మందులు ఎలుకల్లో గడ్డలను తగ్గించాయి. రోగనిరోధక శక్తి లేని ఎలుకల్లో ఈ గుణం కనిపించలేదు. అంటే మందు గడ్డను నేరుగా కొట్టలేదు. మాక్రోఫేజ్‌లను లేపితే, అవి టీ-కణాలనే మరో రకం రక్షణ కణాలను గడ్డ మీదికి ఉసిగొల్పాయి. రెండు ఫలితాల్లోనూ మందుల తరగతి ఒకటే. మోతాదు, సమయం, వాడిన రోజులు, గడ్డ రకం వేరు. ఆపరేషన్ రోజున ఒక్కసారి గట్టిగా ఇవ్వడం, రోజుల తరబడి ఇస్తూ పోవడం రెండూ శరీరానికి ఒకటి కావు.

ఈ పరిశోధనలన్నీ ఎలుకల్లో. మన దగ్గర ఇదే ప్రశ్నను సహజంగా మోస్తున్న జంతువు ఒకటుంది. కొమ్ము క్యాన్సర్ వచ్చిన ఎద్దు. కొమ్ము ఒక పక్కకు వాలడం, తల విదిలించడం, ముక్కులోంచి రక్తం కారడం దీని గుర్తులు. భారతదేశంలో, ముఖ్యంగా మూపురపు జాతుల దున్నే ఎడ్లలో ఇది పాత జబ్బు. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గినా పూర్తిగా పోలేదు. చికిత్స కొమ్మును మొదలంటా తీసేయడమే. కొమ్ము నాడికి తిమ్మిరి సూది వేసి, కదలకుండా ఉండటానికి చాలాసార్లు జైలజిన్ కూడా ఇస్తారు. కొన్నింటిలో క్యాన్సర్ తిరిగి వస్తుంది. తిరిగి రావడానికి గడ్డ ఎంత పాకిందన్నదే పెద్ద కారణం, అందులో సందేహం లేదు. మత్తు పద్ధతికి అందులో ఏమాత్రమైనా వాటా ఉందా అన్నది మన పశువైద్య కళాశాలలు చూడగల విషయం. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఇలాంటి పనికి తగిన చోట్లు. నొప్పి తెలియకుండా చూడటం ఎటూ తప్పదు, ఎందుకంటే నొప్పీ భయమూ కూడా నేచురల్ కిల్లర్ కణాలను అణచివేస్తాయి. కాబట్టి అలాంటి అధ్యయనంలో తిమ్మిరి సూది అన్ని ఎడ్లకూ ఉండాలి, తేడా జైలజిన్ మోతాదులోనే ఉండాలి. ఆపరేషన్‌కు ముందు, మర్నాడు, వారం తర్వాత రక్తం తీసి కణాలను లెక్కించాలి. ఏడాదిపాటు రైతుకు ఫోన్ చేస్తూ కొమ్ము మొదట్లో మళ్లీ వాపు వచ్చిందా అని అడుగుతూ, ఆ జవాబును ప్రతిసారీ రాసిపెట్టాలి.